వేట పరవానా ఎవరికి?



కోట్‌పల్లి చెరువు తూము తెరచిన దినమున మా ఊరిలో నీటికంటె ముందు తగవు పారును. 1967లో కట్టిన ఆ ప్రాజెక్టును కాగితములందు జలాశయమని వ్రాయుదురు. మేము చెరువనియే పిలుతుము. కాలువ మొదట నున్నవాడు తన మడి నిండువరకు మడవ మూయడు. చివర నున్నవాడు పార భుజమున వేసికొని రాత్రియెల్ల గట్టు వెంబడి తిరుగును. ఇట్లు తలలు పగులుట చూచిన పెద్దలు వంతులు ఏర్పరచిరి. ఎవని వంతు ముందో తేలనప్పుడు చీట్లు వ్రాసి చెంబులో వేసి, ఏమియు నెరుగని పిల్లవానిచే తీయింతురు. చీటి వచ్చినవాడు సంతోషించును. రానివాడు తన అదృష్టమును తిట్టుకొనును గాని పొరుగువానిని తిట్టడు. చీటివలన కలుగు మేలు అంతమాత్రమే యైనను, ఊరిలో కాపురము చేయువారికి అది చిన్న మేలు కాదు.

నీటిని పంచుట మాకు తెలియును. చేపలను వేలము వేయుట తెలియును. చింతచెట్ల ఫలసాయమును గుత్తకిచ్చుట తెలియును. మూడేండ్ల క్రిందట మేము పంచవలసివచ్చిన వస్తువు మాత్రము మా తాతలెన్నడును పంచి యెరుగనిది. అది వేట పరవానా. దానిని గూర్చియే యీనాడు మీకు మనవి చేయదలచితిని.

నేను ఈ ప్రాంతపు బడులలో ముప్పదియేండ్లు తెలుగు చెప్పి విశ్రాంతి పొందినవాడను. కొద్దిపాటి చెలక కలదు. అనంతగిరి కొండలనుండి తాండూరు వైపునకు సాగిన అడవి అంచున మా ఊరి చేలున్నవి. కంది, జొన్న, మొక్కజొన్న, వేరుశనగ మా పంటలు. తాండూరు కందికి 2022లో ప్రభుత్వమువారి భౌగోళిక గుర్తింపు లభించినది. అడవిపందికి ఆ గుర్తింపుతో నిమిత్తము లేదు. దానికి కందిచేను పడకటిల్లు, మొక్కజొన్న చేను భోజనశాల. చేను చుట్టును పాతచీరలు కట్టితిమి. క్షౌరశాలలనుండి వెంట్రుకలు తెచ్చి చల్లితిమి. మంచెలెక్కి డబ్బాలు వాయించితిమి. పంది మూడు దినములు భయపడి, నాలుగవ దినమున ఆ చీరల క్రిందుగనే దూరి వచ్చును. కొందరు తీగకు కరెంటు పెట్టుదురు. అది నేరము, అంతకుమించి, తెల్లవారుజామున చేనికి పోవు మన బిడ్డను గాని, తప్పిపోయిన పొరుగువాని ఎద్దును గాని ఆ తీగ గుర్తుపట్టజాలదు. ఈ మాట వినుచున్న పెద్దలలో అట్టి తీగ గలవారెవరైన నున్నచో ఈ రాత్రియే దానిని విప్పవలెనని వేడుకొనుచున్నాను.

ఇక చట్టము సంగతి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ననుసరించి నేడు మన దేశమున వేట నిషిద్ధము. ఐనను ఆ చట్టపు 11వ సెక్షనునందు ఒక సన్నని దారి యున్నది. ఒక జంతువు మనుష్యుల ప్రాణమునకు గాని నిలిచియున్న పంటకు గాని అపాయకరమైనదని తోచినప్పుడు, అధికారము గల ఉద్యోగి కారణములను వ్రాసి, లిఖితపూర్వకమైన ఆజ్ఞతో దానిని చంపుటకు అనుమతి నీయవచ్చును. నెమలి, కృష్ణజింక మొదటి షెడ్యూలులోనివి గనుక అవి పంట తినినను ఈ దారి వానికి లేదు. అడవిపందికి కలదు. చంపిన పంది ప్రభుత్వపు సొత్తు. మాంసము పంచుకొనుట కూడదు. ఈ నియమము మంచిదని నా యభిప్రాయము. మాంసమునకు ఆశ యున్నచోట పంట నష్టము ఎంత యనెడి ప్రశ్నకు సరియైన సమాధానము రాదు.

మాకు అనుమతి లభించినది. తుపాకి గల ఒక షికారీ నాలుగు రాత్రులు వచ్చుటకు ఒప్పుకొనెను. అంతకుమించి ఆయనకు వీలు లేదు. ఊరిలో అర్జీలు 11 చేరినవి. రాత్రికి ఒక చేను అనుకొన్నను నలుగురికే తీరును. మిగిలిన ఏడుగురికి ఏమని చెప్పవలెను? ఆ నిర్ణయమునకు ఐదుగురము కూర్చుంటిమి. వ్రాత తెలిసినవాడ నగుటచే కాగితము నాచేతికి వచ్చినది.

మేము చేసినది దాచక చెప్పెదను. అర్జీతో పట్టాదారు పాసుపుస్తకపు నకలు జతపరచవలెనని మేమే యొక నియమము పెట్టితిమి. ఎవరును అడుగలేదు, కాగితము నిండుగా కనబడవలెనని పెట్టితిమి. దానితో కౌలుకు చేయువారి అర్జీలు మూడు రాలిపోయినవి. మిగిలిన ఎనిమిదింటిలో బాట సమీపమున నున్న చేలను మొదట వ్రాసితిమి. షికారీ జీపు పోవలెను గదా యని కారణము చెప్పుకొంటిమి. ఆ కారణము అబద్ధము కాదు. కాని బాట ప్రక్కన మొదటి చేను నా అన్నకుమారునిది. ఆ సంగతి ఐదుగురికిని తెలియును. ఒకరును నోరు విప్పలేదు.

మొదటి రాత్రి రెండు పందులు పడినవి. రెండవ రాత్రి ఒకటియు రాలేదు. మూడవ రాత్రి వాన. నాలుగవ రాత్రి ఒకటి. షికారీ వెళ్ళిన మరునాటి రాత్రి, అడవి అంచుననే రెండెకరములు కౌలుకు తీసికొని మొక్కజొన్న వేసిన ఒక వితంతువు చేనిలో పందుల మంద పడి, పాలకంకి మీదనున్న పంటను నేలమట్టము చేసినది. ఆమె అర్జీ మేము త్రోసివేసిన మూడింటిలో నొకటి. ఆమె తగవునకు రాలేదు. నా వాకిట అరుగుమీద కూర్చుండి, “సారూ, పంది నా చేన్ల పడ్డది గని మీ కాయిదంల పడలే” అని లేచిపోయెను. ముప్పదియేండ్లు పిల్లల వ్రాతలు దిద్దినవాడను. నా వ్రాతను దిద్దినది ఆమె.

అప్పటినుండి, కొద్దిపాటి వేట హక్కును ఎవరెవరు ఎట్లు పంచుకొనిరో తెలిసికొనవలెనని నాకు పట్టుదల కలిగినది. ఈ పని మనకు క్రొత్తయే గాని లోకమునకు క్రొత్త కాదు.

మన ప్రాంతపు పూర్వకథ పెద్దలకు తెలియనిది కాదు. వికారాబాదు పట్టణమునకు ఆ పేరు ఫలక్‌నుమా మహలును కట్టించిన పాయెగా నవాబు వికారుల్ ఉమ్రాను బట్టి వచ్చినది. నిజాము రాజ్యమున వేట యనునది హోదాకు గుర్తు. హైదరాబాదు నుండి వికారాబాదు దారిలో చిలుకూరు సమీపమున నేడు మృగవని యని పిలువబడు వనమును, నగరము ప్రక్కన నేటి హరిణ వనస్థలియు, మెదకు వైపున పోచారమును ఒకప్పుడు నిజాము వేటకై కేటాయించిన స్థలములే. ఆరవ నిజాము మహబూబ్ అలీఖాన్ పెద్దపులుల వేటలో పేరుమోసినవాడు. 1902లో వైస్రాయి కర్జను ప్రభువు వచ్చినప్పుడు ఓరుగల్లు సీమలోని నెక్కొండ సమీపమున పులివేట జరిగినది. పడిన పులితో ప్రభువులు తీయించుకొన్న ఛాయాపటములు నేటికిని ఉన్నవి.

ఆ పటములందు కనబడని మనుష్యులు కొందరుందురు. డప్పులు వాయించుచు, కేకలు వేయుచు, అడవికి ఆవలి ప్రక్కనుండి మృగమును తుపాకి యెదుటికి తోలు పనిని హాంకా యనెడివారు. అది ఊరివారి పని. వెట్టి నడచిన దినములలో కూలి మాట అడుగువాడెవడు? పులి తిరిగిపడినచో మొదట దానికి ఎదురగువాడు డప్పువాడే. వేటలో ప్రాణాపాయము ఊరివానికి, పులితోలు దొరవారికి. ఆనాడు పరవానాలను పంచు ప్రశ్నయే పుట్టలేదు. వేటకు పిలుపు వచ్చినవాడు వేటగాడు, రానివాడు హాంకావాడు. 1949లో జాగీర్లు రద్దయినవి. బాట ప్రక్కవానిని మొదట వ్రాసిన మా ఐదుగురి బుద్ధిలో ఆ జాగీరు కొంత మిగిలియుండెనని ఇప్పుడు నాకు తోచుచున్నది.

ఆంగ్లేయుల పాలనలోని రక్షితారణ్యములందు వేరొక పద్ధతి యుండెను. అడవిని బ్లాకులుగా విడదీసి, ఒక్కొక్క బ్లాకును కొన్ని దినముల గడువునకు ఒక అనుమతిదారునికి ఇచ్చెడివారు. రుసుము కట్టవలెను. ఏ మృగమును ఎన్నింటిని కొట్టవచ్చునో పత్రమునందే యుండును. ఆ గడువులో ఆ బ్లాకునందు మరియొకడు తుపాకి పేల్చరాదు. ఈ యేర్పాటులో నాకు నచ్చినది ఒక్కటి: లెక్క మొదట నేలకు, పిమ్మట మనుష్యునికి. ఈ మాట మరల ఎత్తుకొందును.

1972 చట్టము పుట్టిన క్రొత్తలో వేటను పూర్తిగా మాన్పలేదు. ప్రత్యేక మృగములకు ఒకటి, పెద్ద మృగములకు ఒకటి, చిన్న మృగములకు ఒకటి, ప్రాణముతో పట్టుటకు మరియొకటి, ఇట్లు నాలుగు విధములైన లైసెన్సులుండెను. సాంబరు, చుక్కలదుప్పి, నీలుగాయి పెద్ద మృగముల పట్టికలోనివి. మన అడవిపందియు అందులోనిదే. మన చేను దున్నిపోవు ఈ ప్రాణి చట్టపు లెక్కలో దుప్పితో సమానమైన పెద్ద మృగమని తెలిసినప్పుడు నాకు నవ్వు వచ్చినది. రాత్రివేళ కాల్చరాదు, బండిపైనుండి కాల్చరాదు, నీళ్ళు త్రాగుచోట పొంచియుండి కాల్చరాదు, పిల్లలను ఆడజంతువులను కొట్టరాదు అను నిబంధనలు లైసెన్సు పొందినవానికిని ఉండెను. చంపినదానికి లెక్క వ్రాయవలెను. 1991లో చట్టమును సవరించి ఆ లైసెన్సులన్నిటిని తీసివేసిరి. పులివేట అంతకు ముందే, 1970లో నిలిచిపోయినది. 1972లో లెక్కించినప్పుడు దేశమున పులులు 1,827 మాత్రమే యని తేలినది. పంచుకొనుటకు ఏమియు మిగులని స్థితి వచ్చినప్పుడు పంచు పద్ధతి ఎంత మంచిదైనను ప్రయోజనమేమి?

వేట నేటికిని సాగుచున్న దేశములలో ఈ పంపకము ఒక శాస్త్రమైనది. నా మనుమడు అమెరికాలోని కొలరాడో రాష్ట్రమున ఉద్యోగము చేయుచున్నాడు. ఫోనులో నా బాధ వినినవాడు, “తాతా, ఇక్కడ దీనికి పెద్ద లాటరీయే యున్నది” అని చెప్పెను. అక్కడ ఒక్కొక్క అటవీఖండమున ఈ సంవత్సరము ఇన్ని ఎల్కు దుప్పులను మాత్రమే కొట్టవచ్చునని ముందుగా లెక్క కట్టుదురు. అర్జీలు పరవానాలకంటె ఎక్కువగా వచ్చును. అర్జీ పెట్టి పొందలేకపోయినవానికి ఆ యేటికి ఒక పాయింటు చేరును. మరుసటి యేడు పాయింట్లు ఎక్కువగలవానికి వంతు ముందు. ఇది మన కాలువ వరుసవంటిదే, న్యాయముగనే కనబడును. కాని మంచి ఖండములకు వరుస ఎంత పెరిగినదనగా, ఇరువదియేండ్లు పైబడి నిరీక్షించినవారికి గాని అందులేదు. ఈనాడు వరుసలో చేరిన ముదుసలికి పరవానా వచ్చునప్పటికి తుపాకి మోయు శక్తి యుండునా?

నెవాడా యను రాష్ట్రమువారు వరుసను చీటితో కలిపిరి. ఎన్ని పాయింట్లున్నవో ఆ సంఖ్యను దానితోనే హెచ్చించి, ఒకటి చేర్చి, అన్ని చీట్లు ఆ మనుష్యుని పేర వేయుదురు. అయిదేండ్లు ఓడినవానికి 26 చీట్లు. క్రొత్తగా వచ్చినవానికి ఒక్కటి. క్రొత్తవానికి ఆశ యుండును, పాతవానికి బలముండును. ఐడాహోవారు ఈ పాయింట్లేవియు వద్దని, ఏ యేటి చీటి ఆ యేటిదే యనిరి. న్యూమెక్సికోవారు లాటరీలో నూటికి 84 పరవానాలు తమ రాష్ట్రవాసులకే వేరు చేసిరి. ఒకే దేశమున ఇన్ని మతములు!

వేలము వేయువారును కలరు. పాకిస్తాను ఉత్తర కొండలలో మార్ఖోరు అను మెలిక కొమ్ముల కొండమేక యున్నది. ఏడాదికి లెక్కకు వచ్చినన్ని పరవానాలే విడుదల చేసి, వేలమున అమ్ముదురు. ఒక్కొక్కటి లక్ష డాలర్లు దాటి పలికినది. వినుటకు ఇది ధనవంతుల ఆటవలె నుండును. కాని ఆ సొమ్మున నూటికి 80 పాళ్ళు ఆ కొండయూళ్ళ ప్రజలకు చేరవలెనని నిబంధన. దొంగవేటను ఆ ఊళ్ళవారే కాపు కాచుచున్నారు. ఒక మేక చచ్చిన తమకేమి నష్టమో వారికి లెక్క తెలియును. మన పందిని కొట్టుటకు లక్ష డాలర్లు ఇచ్చువాడు పుట్టలేదు గనుక ఈ మార్గము మనకు పనికిరాదు. అయినను ఒక సంగతి గమనింపదగినది: మృగముతో కాపురము చేయువానికి వాటా యున్నచోట పంపకము నిలుచుచున్నది.

మన దేశమున ఈ నడుమ జరిగిన ప్రయత్నములు మరియొక విధమైనవి. 2015 డిసెంబరులో బీహారునందును, 2016 ఫిబ్రవరిలో ఉత్తరాఖండమునందును కొన్ని ప్రాంతములలో కొంతకాలమునకు అడవిపందిని హానికర జంతువుగా కేంద్రప్రభుత్వము ప్రకటించినది. అనగా ఆ గడువులో పరవానాయే అక్కరలేదు. 2022 మే నెలలో కేరళ ప్రభుత్వము పందులను కాల్పించు అనుమతి నిచ్చు అధికారమును స్థానిక సంస్థల అధ్యక్షులకే అప్పగించినది. అధికారము ఊరికి వచ్చుట మంచిదే. ఐతే, అధికారము ఊరి అరుగుమీదికి వచ్చిన పిమ్మట ఆ అరుగుమీద కూర్చున్నవాడు తన అన్నకుమారుని చేనిని మొదట వ్రాసిన నేమగును? ఆ కథ మీకు చెప్పియే యుంటిని.

రెండవ యేడు మేము మారితిమి. పాసుపుస్తకపు నియమమును కొట్టివేసితిమి. విత్తినవాడు రైతు, అంతే. చీట్లు వేయుటకు నిశ్చయించితిమి. మొదటి యేడు త్రోసివేయబడినవారికిని, వంతు రానివారికిని రెండేసి చీట్లు. నెవాడావారి గణితమంత కాకపోయినను మా ఇత్తడి చెంబునకు అది చాలును. అర్జీలు 13 అయినవి. రాత్రులు మరల నాలుగే. బడిలో నాలుగవ తరగతి చదువు పిల్ల వచ్చి చీట్లు తీసినది.

మొదటి చీటి నా అన్నకుమారునిది.

సభలో ఎవరో నవ్విరి. ఆ నవ్వు నాకు నేటికిని వినబడుచున్నది. పిల్ల చేతిలో మోసము లేదు, చెంబులో మోసము లేదు. ఒకే చీటి గలవానికి మొదటి చీటి వచ్చుట లోకమున జరుగనిది కాదు. ఆ వితంతువు పేరు ఆరవది యైనది. రెండు చీట్లున్నను రాలేదు. సాయంకాలమున నేను వాని యింటికి పోయి, నీ రాత్రిని ఆమెకు ఇమ్మని యడిగితిని. వాడు కోపపడలేదు. “చిన్నాయనా, పోయినేడు బాట అంటివి. ఈయేడు చీటి అంటివి. చీటి నాకే వచ్చె. ఇగ ఏమంటవు?” అనెను. నా వద్ద జవాబు లేదు. నియమము నేను చేసినదే. తనకు ఇష్టమైన పేరు రానప్పుడు నియమమును వంచువాడు, బాటను కారణముగా చెప్పినవానికంటె మేలైనవాడు కాడు. ఊరక తిరిగివచ్చితిని.

ఆ యేడు వాని చేనికి పందులు రానేలేదు. షికారీ తెల్లవారువరకు మంచెమీద కూర్చుండి దోమలను కొట్టుకొనెను. పందులు ఆ రాత్రి అడవి అంచు వెంబడి మరియొక మూల దిగినవి. అప్పుడు నాకు స్ఫురించినది. బాట మాట, చీటి మాట, పాసుపుస్తకపు మాట, ఇవన్నియు మనుష్యులలో ఎవరు ముందు అను ప్రశ్నకు సమాధానములు. పందికి మన వరుసతో పని లేదు. అది నేలను చూచి నడచును. మేము పరవానాను మనుష్యులకు పంచుచుంటిమి, పంచవలసినది నేలకు.

జర్మనీ దేశపు పద్ధతి చదివిన పిమ్మట ఈ తలంపు గట్టిపడినది. 1848 నాటి విప్లవమునకు పూర్వము అక్కడను వేట ప్రభువుల హక్కే. తన పంట తినిన దుప్పిని రైతు ముట్టరాదు. ఆ పిమ్మట వేట హక్కు భూమిని ఆశ్రయించినది. 75 హెక్టార్లు, అనగా సుమారు 185 ఎకరములు ఒకే చెక్కగా గలవానికి వేట హక్కు ప్రత్యేకముగా నుండును. అంతకు తక్కువ గల చిన్న రైతుల భూములన్నియు కలిసి ఒక సంఘమగును. ఆ భూములు గలవారు సాధారణముగా అందు సభ్యులే. ఆ సంఘము తన సరిహద్దులోని వేటను గుత్తకిచ్చును. గుత్త కాలము సాధారణముగా తొమ్మిదేండ్లకు తక్కువ యుండదు. వచ్చిన సొమ్ము భూమి కొలదిని పంచుకొందురు. ఇంతవరకు మన చింతచెట్ల గుత్తవంటిదే. ఇక ముఖ్యమైన మాట వినుడు. అడవిపంది ఒకని పంట తినినచో ఆ నష్టమును ఆ సంఘము పూడ్చవలెనని చట్టము. గుత్తపత్రమునందు ఆ భారమును గుత్తదారుడైన వేటగానిపై మోపుట వాడుక. అనగా పరవానా గలవాడు పందిని కొట్టనిచో పంట వెల తానే కట్టుకొనవలెను. వేట అక్కడ వినోదమే కావచ్చును. ఐనను దాని వెంట ఒక ఋణమున్నది.

మనకు వేటను గుత్తకిచ్చు హక్కు లేదు, ఉండవలెనని నేను కోరను. అడవి ప్రభుత్వముది, మృగము ప్రభుత్వముది. కాని ఆ పద్ధతిలోని రెండు సంగతులు మనకు పనికివచ్చునవి. నేలను కలుపుట ఒకటి, నష్టమును కలిసి మోయుట మరియొకటి.

మూడవ యేడు, అనగా క్రిందటి యేడు, చీట్లు వేయలేదు. నలుగురము అడవి అంచు వెంబడి నడచితిమి. వాగు దాటు చోటునుండి గుడి వెనుకవరకు దానిని నాలుగు తునుకలుగా విడదీసితిమి. ఒక్కొక్క తునుకకు ఒక రాత్రి. ఆ తునుకలో ఎవని చేనైనను సరే, గిట్టల జాడ పచ్చిగా కనబడిన చోట షికారీ కూర్చుండును. ఏ తునుక ముందన్న తగవు రాకుండ, పాలకంకి మీదనున్న మొక్కజొన్న గల తునుకను మొదట వ్రాసితిమి. జాడ చూచుటకు ఊరిలో ఇద్దరు పశువుల కాపరులున్నారు. వారికి భూమి లేదు, చుట్టరికము లేదు, ఆ యడవి మాత్రము బాగుగ తెలియును. నిర్ణయము వారిది. ఇందుకు కొందరు పెద్దలు ముఖము చిట్లించిరి. పసులు కాచువాడు మన చేలకు వరుస చెప్పుటయా యని యొకరు నాతోనే యనిరి. పంది జాడ మీకు తెలిసిన మీరే చెప్పుడంటిని.

నాలుగు రాత్రులలో మూడు పందులు పడినవి. ఇది గొప్ప సంఖ్య కాదు. మొదటి యేడును మూడే. కాని ఈసారి షికారీ వట్టిగా కూర్చున్న రాత్రి ఒక్కటే, అదియు తూర్పు గాలి మారుటచే. పందులు పూర్తిగా పోయినవని నేను చెప్పజాలను, పోవు. ఆ వితంతువునకు ఈసారియు అరయెకరము పోయినది. మరియొకనికి వేరుశనగ కొంత పోయినది.

అందుచే రెండవ సంగతి నెత్తుకొంటిమి. అడవి అంచునుండి బాటవరకు గల చేలు సుమారు 200 ఎకరములు. అంచుననున్న చేను పందికి మొదటి విస్తరి. వెనుకనున్నవాని పంట నిలిచినదన్న, ముందున్నవాని పంట దానిని కాచినందుననే. కావున ఎకరమునకు 5 కిలోల గింజల చొప్పున ప్రతివాడును ఇచ్చినచో పది క్వింటాళ్ళగును. దానిని నష్టపోయినవారికి నష్టము కొలదిని పంచవలెనని గ్రామసభలో తీర్మానించితిమి. ప్రభుత్వమువారి పరిహారమునకు పెట్టిన అర్జీ వేరు; అది తన దారిని పోవుచున్నది. కౌలుదారునకు గింజలు కౌలుదారుని చేతికే ఇయ్యవలెను గాని పట్టాదారునకు కాదని నేను పట్టుబట్టి వ్రాయించితిని. ఈ యొక్క వాక్యమునకే సభలో ఎక్కువ ప్రొద్దు పట్టినది.

గింజలు నా యింటి కొట్టమున చేరుచున్నవి. నిన్నటి సాయంకాలమునకు 7 క్వింటాళ్ళ 20 కిలోలు తూగినవి. కొందరు జొన్నలు, కొందరు మొక్కజొన్నలు తెచ్చిరి. ఒకరు కందులు తెచ్చి, వెల యెక్కువ గనుక మూడు కిలోలే యిత్తుననిరి, ఒప్పుకొంటిమి. నా అన్నకుమారునికి 8 ఎకరములు. 40 కిలోలు రావలెను, ఇంకను రాలేదు. వాడు ఇయ్యనని యనలేదు, ఇత్తుననియు ననలేదు. ఈ ప్రసంగమునకు నన్ను నగరమునకు తెచ్చిన బస్సులో వాడే నాకు చోటు చూపి కూర్చుండబెట్టెను. ఆ మాట మాత్రము ఎత్తలేదు. రేపు ఊరు చేరగానే సంచి, త్రాసు వెంట తీసికొని మొదట వాని వాకిటికే పోవలసియున్నది.